గిన్నె అడుగు పారబోసిన పొద్దు

ఆ పొద్దున మబ్బు పైకి లేవలేదు. రాత్రి మంజీర మీద కమ్ముకున్నది తెల్లారినా కదలక, ఫ్యాక్టరీల పొగను కిందికి అదిమి పట్టింది. పొగ పైకి పోయే తోవ లేక రోడ్డు మీద పాకుతూ వచ్చింది. కురిసే మబ్బు కాదు, విడిచే మబ్బూ కాదు. కోతల మీదున్నప్పుడు ఇట్లాంటి మబ్బు పడితే రైతు కల్లంలో కూలబడతాడు. గాలి ఆడదు, తూర్పార పట్టేది కుదరదు. కొమురయ్యకు ఇప్పుడు కల్లం లేదు. అయినా ఇంట్లోంచి బయటికి రాగానే తల ఎత్తి గాలి ఎటున్నదో చూసుకున్నాడు. భూమి పోయినంత తొందరగా అలవాటు పోదు.

కొమురయ్యది ఇస్నాపూర్‌లో పాత వ్యవసాయం ఇల్లు. రోడ్డు పక్క మెట్ట చెలక ఫ్యాక్టరీల ఎస్టేటు కిందికి పోయింది. వాగు కింది మడి మిగిలింది గాని, వాగులో నీళ్ళు కొన్నాళ్ళు ఎర్రగా, కొన్నాళ్ళు పచ్చగా పారడం మొదలైనాక అందులో గడ్డి కూడా నమ్మకంగా మొలవలేదు. ఇంటి వెనక గదులు వేసి బీహారు నుంచి వచ్చినవాళ్ళకు కిరాయికిచ్చి, తాను పాశమైలారంలో బద్రీనాథ్ అనే సేటు షెడ్డులో పనికి కుదిరాడు.

భార్య ఇందిరమ్మ అంతకు ముందు మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగేది. ఏం మందుకు ఏం డ్రమ్మో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చేతుల మీద తోలు ఉల్లిపొరలా లేచిపోయేది. అన్నం కలిపితే వేళ్ళు మండేవి, అందుకని చెంచాతో తినేది. రాత్రిళ్ళు దగ్గు ఆగేది కాదు. కొమురయ్య చూసి చూసి, ఒకనాడు బద్రీనాథ్ ముందు నిలబడి, షెడ్డు ఊడ్చడానికి, నీళ్ళు తోడడానికి ఒక మనిషి కావాలంటున్నావు కదా సేటూ, మా ఇంటామెను తీసుకో అన్నాడు. అడగడం చేతకాని మనిషి అడిగాడు గనుక బద్రీనాథ్ కాదనలేదు. ఈ షెడ్డులో మందులు లేవు. ఉన్నదల్లా మన్ను, నీళ్ళు. నెల తిరిగేసరికి ఇందిరమ్మ చేతులకు కొత్త తోలు వచ్చింది, వేళ్ళతో అన్నం తినడం మొదలుపెట్టింది. డ్రమ్ముల ఫ్యాక్టరీ మేస్త్రీ మాత్రం రోడ్డు మీద ఎదురైనప్పుడల్లా, ఎప్పుడొస్తవ్ ఇందిరమ్మా, నీ జాగ అట్లనే ఉన్నది అనేవాడు. ఆ మాట వింటే కొమురయ్య అడుగులు పెద్దవి చేసేవాడు.

షెడ్డులో చేసేది ఊగే బల్లలు. బద్రీనాథ్ సదాశివపేటలో పప్పుల వ్యాపారం చేసే ఇంటివాడు. చదువుకుని, ఎక్కడో గనుల దగ్గర కొన్నాళ్ళు పనిచేసి, రాయిని పిండి చేసి అందులోంచి పనికొచ్చే ఖనిజాన్ని నీళ్ళతో విడదీసే బల్లలు తయారు చేస్తానని ఈ షెడ్డు వేశాడు. వాళ్ళ నాయన దుకాణంలో కూర్చుని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడట: పప్పుల రాళ్ళు ఏరే ఇంట్ల పుట్టి, వీడు రాళ్ళల్ల పప్పు ఏరుతనంటడు.

బల్ల అంటే తలుపంత వెడల్పు, రెండు తలుపులంత పొడవు. ఒక పక్కకు కొంచెం వాలి ఉంటుంది. పైన పొడుగునా సన్నని బద్దలు కొట్టి ఉంటాయి. ఒక చివర మోటారు దాన్ని కుదుపుతుంది, పోవడం మెల్లగా, రావడం జర్రున. పై అంచు నుంచి నీళ్ళు పలుచగా పరుచుకుని దిగుతాయి. మూల మీద రాతిపిండి వేస్తే, తేలిక ఇసుక నీళ్ళతో పాటు బద్దలు దాటి కిందికి కొట్టుకుపోతుంది. బరువైనది బద్దల సందున అడుగుకు దిగి, కుదుపుకు కుదుపుకు జరుగుతూ అవతలి చివరకు చేరుతుంది. నల్ల ఖనిజమైతే బల్ల మీద కాటుక గీసినట్టు ఒక చార కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడే కొమురయ్యకు ఇది కొత్త అనిపించలేదు. కల్లంలో గాలి చేసే పనిని ఇక్కడ నీళ్ళు చేస్తున్నాయి. గట్టి గింజ దగ్గర పడుతుంది, పొల్లు దూరం పోతుంది.

ఇందిరమ్మకూ కొత్త అనిపించలేదు. కానీ ఆమెకు తోచింది కల్లం కాదు, బియ్యం గాలించడం. గిన్నెలో బియ్యం, నీళ్ళు పోసి తిప్పుతూ ఇంకో గిన్నెలోకి వంచుకుంటూ పోతే బియ్యం పోతుంది, రాళ్ళు అడుగున నిలుస్తాయి. చివరకు ఆ అడుగును వాకిట్లోకి విసిరేయాలి. మగవాళ్ళ కల్లంలో బరువైనది ఇంటికి వస్తుంది. ఆడవాళ్ళ గిన్నెలో బరువైనది బయటికి పోతుంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే బల్లను చూసి, తలా ఒక తీరుగా అర్థం చేసుకుని ఊరుకున్నారు. దాని గురించి మాట్లాడుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

రవ్వ లావుగా ఉన్న ఖనిజాన్ని పట్టడం బల్లకు కష్టం కాదు. సన్నదే కష్టం. మైదాలాంటి ఖనిజం ఎంత బరువుదైనా నీటి మీద తేలిపోయి, వాడిన నీళ్ళు చేరే గుంటలో పడుతుంది. చాలా గనుల దగ్గర ఇట్లా పోయిన నల్లపిండి కుప్పలుగా పడి ఉంటుందని బద్రీనాథ్ చెప్పేవాడు. ఆ సన్నదాన్ని పట్టే బల్ల చేయాలని అతను చాలాకాలంగా కుస్తీ పట్టాడు. వాలు తగ్గించాడు, కుదుపు పొట్టి చేసి వేగం పెంచాడు, నీళ్ళు అరటిపొర అంత పలుచన చేశాడు. ముందు బురదను తేర్చి వంచేయాలని, రవ్వలను జల్లెడలతో సైజులవారీగా విడగొట్టాలని కొమురయ్యకు మళ్ళీ మళ్ళీ నేర్పాడు. పెద్ద తేలిక రవ్వ, చిన్న బరువు రవ్వ నీళ్ళల్లో ఒకటే తీరుగా నడుస్తాయి, పెద్దదాన్ని తీసేయందే చిన్నది దొరకదు, అనేవాడు.

సూర్యప్రకాశరావు అనే ఆయన ఖమ్మం వైపు అడవిలో క్రోమైటు గని కౌలుకు తీసుకున్నాడు. అది నల్లటి బరువు ఖనిజం. వాళ్ళ గనిలో కడగగా పోయిన సన్నపిండి ఏళ్ళ తరబడి పేరుకుని ఉందట. ఒక చిన్న సంచిలో దాన్ని సీలు వేసి తెచ్చి, దీంట్లోంచి ఎంత తీస్తారో చూపించండి, నచ్చితే బల్లలు మీ దగ్గరే కొంటాను అన్నాడు. ఆయన కొంటే షెడ్డు నిలుస్తుంది. కొనకపోతే బద్రీనాథ్ తాళం వేసి సదాశివపేట దుకాణంలో కూర్చుంటాడు. ఈ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. తాళం పడితే తన గతి ఏమిటన్న దానికంటే ఇందిరమ్మ మళ్ళీ డ్రమ్ముల దగ్గరికి పోతుందన్నదే కొమురయ్య నిద్రను పాడు చేసింది.

ముందు రోజంతా ఆ సంచిని బల్ల మీద నడిపారు. పిండి మొత్తం అయిపోయింది. నల్లది ఒక బేసిన్‌లో అడుగు నిండా వచ్చింది. దాంట్లో ఇంకా కొంచెం తెల్ల ఇసుక జీర ఉంది. రాత్రంతా తేరనిచ్చి, పొద్దున చేత్తో ఒకసారి గాలించి ఆ తెల్లజీర తీసేయి, నేను రావు గారిని పటాన్‌చెరు నుంచి తీసుకొస్తాను, ఆయన ముందే తూచుదాం అని బద్రీనాథ్ కొమురయ్యకు చెప్పి వెళ్ళాడు.

చెప్పింది కొమురయ్యకు. కానీ కొమురయ్య చేతులు నాగలి పట్టిన చేతులు, గిన్నె తిప్పితే నీళ్ళు పైకి లేచి చిందుతాయి. ఇందిరమ్మ గాలిస్తే ఒక్క బియ్యం గింజ పోదు. తోవలోనే ఆమెకు చెప్పాడు. నల్లది ఉంచాలె, తెల్లది వంచాలె అని కూడా చెప్పాడు. నాకెర్కలేదా అన్నది ఆమె. షెడ్డు చేరినాక అతను గుంట దగ్గర పంపు నీళ్ళు ఎత్తడం లేదని అటు పోయాడు.

ఇందిరమ్మ గుమ్మం దగ్గర పీట వేసుకుని, బేసిన్ ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టింది. తిప్పి వంచింది, తిప్పి వంచింది. తెల్లది పక్క టబ్బులోకి దిగింది. నల్లది అడుగున సిరాలా నిలిచింది. పని అయిపోవచ్చింది. అప్పుడే సంగప్ప వచ్చాడు. జహీరాబాద్ అవతలివాడు, షెడ్డులో ఇనుము కోసి వెల్డింగ్ చేసే ఫిట్టరు, నోరు ఊరుకోదు.

"వదినె, చాయ్ పెడ్తవా, ఆ రాళ్ళకే ఎసరు పెడ్తవా?" అన్నాడు.

"నీకు రాళ్ళ చాయే సరిపోతది. మొన్న నేను పెట్టినదానికి వంకలు పెట్టినోనివి గద," అని ఆమె తల తిప్పి నవ్వింది.

తల అటు తిరిగింది, చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుంది. పుట్టింట్లో నేర్చి, అత్తింట్లో ఇన్నేళ్ళు ప్రతి పూటా చేసిన చెయ్యి. గాలించడం అయిపోయింది గనుక బేసిన్‌ను లేపి, ఒక్క విసురుతో అడుగును గుమ్మం బయటికి పారబోసింది.

పారబోసిన చప్పుడు ఆమె చెవికి చేరేసరికి అంతా అయిపోయింది.

కొమురయ్య పంపు చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చేటప్పటికి ఆమె అట్లాగే ఖాళీ బేసిన్ పట్టుకుని నిలబడి ఉంది. సంగప్ప గుమ్మం అవతల పడ్డ నలుపు వైపు చూస్తున్నాడు.

"ఏమాయె?"

"పారబోసిన."

"ఏంది?"

"నల్లది." బేసిన్ అతనికి చూపించింది. "నాకెర్కనే. ఎర్కుండే పారబోసిన. శెయ్యి ఆగలే."

కొమురయ్యకు కోపం రావడానికి టైము పడుతుంది. పోయి గుమ్మం ముందు గొంతుకూర్చున్నాడు. అక్కడ షాబాద్ బండలు పరిచిన సన్నని కాలువ ఉంది, బల్ల నుంచి పారే నీళ్ళు అందులోంచే గుంటకు పోతాయి. దాని పక్క సంగప్ప ఇనుము గ్రైండింగు చేసే జాగ. నల్లది కొంత బండల మీద, కొంత సందుల్లో, కొంత మొరం మీద పడింది. ఇనుప రజను, మొరం, బురద, నిన్నటి ఇసుక, అన్నిట్లో కలిసింది. అదృష్టం కొద్దీ కాలువలో ఇంకా నీళ్ళు వదల్లేదు.

సంగప్ప గొంతు తగ్గించి, మూలకు వేలు చూపించాడు. మొన్న బల్లను సరిచేసేటప్పుడు వాడిన నల్ల ఇసుక అర సంచి అక్కడే ఉంది. నలుపుకు నలుపు, బేసిన్ నింపి పెడితే ఎవరు కనిపెడతారు అని అతని మాట. కొమురయ్య లేచి పోయి ఆ సంచి మూతి విప్పాడు. చెయ్యి పెట్టి, బొటనవేలితో రుద్ది చూశాడు. రవ్వ గరుకుగా తగిలింది. రావు గారి నలుపు వేళ్ళ మధ్య గంధంలా జారుతుంది. ఆయన ఏళ్ళ తరబడి దాని మధ్య తిరిగిన మనిషి, బేసిన్‌లో వేలు పెట్టగానే తెలిసిపోతుంది. సంచి మూతి మళ్ళీ కట్టేశాడు. అతను మంచివాడు గనుక కట్టేశాడని చెప్పుకోవడానికి లేదు. రవ్వ ఒకటే తీరుగా ఉంటే ఏం చేసేవాడో అతనికే తెలియదు.

"ఎత్తుదాం," అన్నాడు. "బరువుది ఏడికి పోతది. పడ్డకాడనే ఉంటది."

ముగ్గురూ ఎత్తారు. ఇందిరమ్మ చీపురు కట్టెను చీల్చి బండల సందులు గీరింది. కొమురయ్య తాపీతో మొరం పై పొర గోకాడు. సంగప్ప తన గ్రైండింగు జాగంతా ఊడ్చి తెచ్చాడు, ఊడుస్తూ, నా ఇనుము కూడా మీ ఖాతలనే పడుతది అని ఒక మాట అన్నాడు. టబ్బు నిండా బురద తయారైంది.

కొమురయ్య మోటారు వేసి, టబ్బులోది గంపతో బల్ల మీద కుమ్మరించాడు. తొందర మనిషిని తెలివితక్కువ చేస్తుంది. మొరం రాళ్ళు బద్దల మీద దొర్లాయి, బురద బల్లంతా పరుచుకుంది, నీళ్ళు పలుచగా ఉండేవి కాస్తా గడ్డల చుట్టూ సుడులు తిరిగాయి. నల్ల చార ఎక్కడా లేదు. కింది అంచు నుంచి బూడిద రంగు నీళ్ళు దిగిపోతున్నాయి. ఆ బూడిద రంగులో నల్లది ఉంది, కళ్ళముందే పోతోంది. ఇందిరమ్మ పరుగున పోయి కింద టబ్బు పెట్టి పట్టింది. కొమురయ్య మోటారు ఆపేసి, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. సేటు ఇన్నాళ్ళు నోరు నొప్పి పుట్టేదాకా చెప్పిన మొదటి మాటనే మరిచిపోయాడు.

మళ్ళీ మొదటికొచ్చారు. ఉన్నదంతా జల్లెడల మీద పోసి నీళ్ళతో కడిగారు. రాళ్ళు, మొరం పైన నిలిచాయి, సన్నది కిందికి దిగింది. ఇంకా సన్నజల్లెడ పట్టారు. కిందికి దిగినదాన్ని డ్రమ్ములో నీళ్ళు పోసి కలియబెట్టి, బరువుది దిగేదాకా ఆగి, పైన బురద నీళ్ళు వంచేశారు. ఆ ఆగడమే కష్టమైంది. మేఘం వెనక పొద్దు ఎక్కడున్నదో తెలియడం లేదు. స్కూటర్ చప్పుడు వినబడినప్పుడల్లా ముగ్గురూ గేటు వైపు చూశారు. తొందరపడి వంచితే నల్లది పోతుంది. తేరేదాకా ఆగితే రావు వస్తాడు. ఇందిరమ్మ వంచుతూ ఉంటే కొమురయ్య ఆమె చేతుల వైపే చూశాడు. ఆమె అది గమనించింది. ఈసారి వంచే ప్రతిసారీ, వంచాల్నా, అని అడిగింది. అతను వంచు అంటేనే వంచింది. పెళ్ళైనప్పటి నుంచి గిన్నె ముందు కూర్చుని ఆమె అతన్ని అడగడం ఇదే మొదలు.

మిగిలిన ముద్దలో ఇనుప రజను ఉంది. అదీ బరువే, బల్ల దాన్ని వేరు చేయదు. సంగప్ప పాత స్పీకరు అయస్కాంతానికి పాలిథిన్ చుట్టి తెచ్చి, ముద్దలో తిప్పి తిప్పి తీశాడు. రజను వెంట్రుకల్లా అంటుకుని వచ్చింది. నల్లఖనిజం చాలావరకు రాలేదు, కొద్దిగా అంటుకున్నదాన్ని అతను వేలితో విదిల్చి ముద్దలోకే వేశాడు.

ఇప్పుడు కొమురయ్య బల్లను ఒట్టి నీళ్ళతో కడిగి, మోటారు వేసి, పిడికెడు పిడికెడుగా మూల మీద వేశాడు. బల్ల జర్రు జర్రుమంటూ కుదిపింది. ముందు ఏమీ లేదు. తరువాత బద్దల సందున వెంట్రుకంత నలుపు. అది కొంచెం జరిగి, ఇంకొంచెం లావై, కాటుక గీతయింది. గీత అవతలి అంచుకు చేరి, ఇందిరమ్మ పట్టిన బేసిన్‌లోకి దిగడం మొదలైంది. పిడికెడు వేయడం, చార చూడడం, మళ్ళీ పిడికెడు వేయడం.

సగం పైన అయ్యేసరికి బద్రీనాథ్ వచ్చాడు. స్కూటర్ వెనక సూర్యప్రకాశరావు. నెరిసిన మీసం, ఇస్త్రీ చొక్కా, మాట్లాడే ముందు ఒక క్షణం ఆగే మనిషి. వచ్చీ రాగానే బల్ల దగ్గర నిలబడి చార వైపు చూశాడు. బేసిన్‌లో వేలు పెట్టి రుద్దుకున్నాడు.

"నిన్ననే అయిపోయిందన్నారు కదండీ," అన్నాడు బద్రీనాథ్‌తో. "ఇంకా నడుస్తోందే?"

బద్రీనాథ్ కొమురయ్య వైపు చూశాడు. కొమురయ్య జవాబు ముందే కట్టుకుని ఉన్నాడు. నేనే జారవిడిచాను అందామనుకున్నాడు. నోరు తెరిచే లోపలే ఇందిరమ్మ బేసిన్ కింద పెట్టి లేచి నిలబడింది.

"నిన్న అయ్యిందయ్యా. పొద్దుగాల నేను గాలించి, బియ్యంల రాళ్ళు పారబోసినట్టు బయట పారబోసిన. మన్నులకెల్లి ఎత్తి మళ్ళ నడుపుతున్నం."

కొమురయ్య మోటారు ఆపాలా వద్దా అని చెయ్యి స్విచ్చు దాకా తీసుకుపోయి, వెనక్కి తీసుకున్నాడు. నీళ్ళు ఆగితే చార చెదిరిపోతుంది.

రావు బయటికి పోయి కాలువ, గీరిన మొరం, ఊడ్చిన జాగ అన్నీ చూసి వచ్చాడు. జల్లెడ మీద నిలిచిన రాళ్ళను, సంగప్ప అయస్కాంతాన్ని కూడా చూశాడు. చూసినవాడు కోపంగా లేడు, మెచ్చుకోలుగానూ లేడు. సంతలో ఎద్దు పళ్ళు చూసే మనిషిలా ఉన్నాడు. పిండి మొత్తం అయ్యేదాకా నిలబడ్డాడు. నిన్నటిదాంట్లో సగానికి పైన వచ్చింది. నిన్న ఉన్నంత లేదు. అందరికంటే సన్నది బురద నీళ్ళతో పోయింది, ఆ ముక్క బద్రీనాథే చెప్పాడు.

"ఈ తూకం నాకు పనికిరాదండీ," అన్నాడు రావు. "ఇందులో మీ వాకిలి ఎంత, నా గని ఎంత? మా వాటాదార్లకు నేనేం చెప్పను? ఇంకో సంచి పంపుతాను. ఈసారి మొదటి నుంచి చివరిదాకా నేనిక్కడే నిలబడతాను. ఇంకోచోట కూడా చేయిస్తాను, మీరేం అనుకోవద్దు."

అనుకోవడానికి ఏమీ లేదని బద్రీనాథ్ అన్నాడు. అని, కొమురయ్యను పక్కకు పిలిచాడు. పక్కకు అన్నమాటే గాని షెడ్డు ఎంత, అందరికీ వినిపించింది.

"నీకు చెప్పిన పని ఆమెకెందుకిచ్చినవ్?"

"ఆమె శెయ్యి మంచిదని."

"మంచిదే. చూస్తున్న గద."

కొమురయ్య తల వంచుకున్నాడు. "తీసేసేదుంటే నన్ను తియ్యి సేటూ. పని నాకు చెప్పినవ్, ఆమెకు చెప్పలే. ఆమెను మల్ల ఆ డ్రమ్ములకాడికి పంపకు," అన్నాడు. అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం సంగప్ప ఎప్పుడూ వినలేదు.

బద్రీనాథ్ వెనుదిరిగాడు. రావును స్కూటర్ ఎక్కించుకుని బస్టాండుకు వెళ్ళిపోయాడు.

వాళ్ళు పోయినాక షెడ్డులో చేయడానికి పని లేకపోయింది. అయినా ముగ్గురూ ఏదో ఒకటి చేశారు. కొమురయ్య బల్ల బద్దల సందులు కుంచెతో తోమాడు. సంగప్ప అయస్కాంతం మీది రజను తీసి కాగితంలో పొట్లం కట్టాడు, ఎందుకో అతనికే తెలియదు. ఇందిరమ్మ చాయ్ గ్లాసులు కడిగి బోర్లించింది. తరువాత మేకుకు తగిలించిన తన తువ్వాలు, గుమ్మం పక్కన విప్పిన చెప్పులు, గూట్లోని దువ్వెన తెచ్చి సంచిలో పెట్టుకుంది. కొమురయ్య చూశాడు. వద్దు అనడానికి అతని దగ్గర ఆధారం లేదు. సేటు వాళ్ళది వ్యాపారం ఇల్లు, నష్టం చేసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోరు. తండ్రి సదాశివపేటలో కాచుకుని కూర్చున్నాడు, కొడుకు తిరిగి రావడానికి ఒక్క సాకు చాలు.

బద్రీనాథ్ తిరిగి వచ్చేసరికి తిండి వేళ దాటిపోయింది. స్కూటర్ నిలబెట్టి, లోపలికి రాకుండా కాలువ దగ్గర గొంతుకూర్చున్నాడు. బండల సందున వేలు పెట్టి తీసి చూసుకున్నాడు. వేలి కొనకు ఇంకా నలుపు అంటింది. దాన్ని ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఎప్పుడూ తను తినేది ఆఫీసు గదిలో, ఫ్యాను కింద, తలుపు దగ్గరికి వేసుకుని. ఈ పొద్దు క్యారియరు తీసుకుని షెడ్డులోకి వచ్చి, వాళ్ళు కూర్చునే ఇటుకల వరస మీద కూర్చున్నాడు. ఇందిరమ్మ సంచి మీద అతని చూపు పడింది. చెప్పులు సంచిలోంచి బయటికి కనిపిస్తున్నాయి.

"శుక్రవారం ఇంకో సంచి వస్తది," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "ఇందిరమ్మా, ఈ మాటు నువ్వు గాలించేటప్పుడు నేను ఎదురుంగ కూసుంట. కొమురయ్యా, నువ్వు ఆడ ఉండకు, బల్ల కాడ ఉండు. సంగప్పకు నోరు కట్టి పెట్టున్రి."

సంగప్ప నోరు తెరిచాడు. మూసుకున్నాడు.

"ఇగ తినున్రి," అన్నాడు బద్రీనాథ్.

ఇందిరమ్మ సంచి పక్కకు జరిపి, డబ్బా మూత తీసింది. జొన్నరొట్టెలు, పుల్లటి పుంటికూర. సంగప్ప తన అన్నం గిన్నె తెచ్చుకున్నాడు. కొమురయ్య చేతులు కడుక్కుని వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు కొంచెం సేపు నిలబడి, సేటుకు ఒక ఇటుక దూరంలో కూర్చున్నాడు. బద్రీనాథ్ క్యారియరు గిన్నెలు విప్పి, పప్పు గిన్నెను నడుమ పెట్టాడు. ఇందిరమ్మ ఒక రొట్టె తుంచి అతని క్యారియరు మూతలో వేసింది. అతను వద్దనలేదు. ఆమె తన రొట్టె మీద పుంటికూర వేసుకుని, వేళ్ళతో తుంచుకుని, తినడం మొదలుపెట్టింది. కొమురయ్య ఆ వేళ్ళ వైపు ఒకసారి చూసి, తన ముద్ద తాను నోట్లో పెట్టుకున్నాడు. నలుగురూ తిన్నారు.